పదకొండు ఒకట్లు

చొక్కా విప్పి భార్య ఒళ్లో పడేసి, పంచె ఎగగట్టి, చేతిలో చీటీతో తిరుమలయ్య వరసలో పోయి కూర్చున్నాడు. ఆయన ముందర అరవై డెబ్బై తలలున్నాయి, కత్తులు పదే ఉన్నాయి. గంట పడుతుందని వాకిట్లో ఎవరో అన్నారు. మూడున్నరేళ్లు ఓర్చిన తలకు గంటొక లెక్కా అనుకుంటూ వసంతమ్మ ఇనుప కమ్మీకి ఇవతల గోడకు ఆనుకుని కూర్చుంది గానీ, కూర్చున్నప్పటి నుంచీ ఆమె మనసు కుదురుగా లేదు. గుండు ఆయనకు, దడ ఈమెకు. కల్యాణకట్ట అంతా తడి, తడిసిన జుట్టు వాసన, గంధం వాసన, కుళాయి మోత, కత్తి తగలకముందే మొదలయ్యే పిల్లకాయల ఏడుపు. గోవిందా అనరా అని తల్లులు బతిమాలేకొద్దీ వాళ్లు ఇంకా గట్టిగా ఏడుస్తున్నారు. ఇంతమందిలో బిడ్డ పుడితే అని మొక్కిన తల, జబ్బు నయమైతే అని మొక్కిన తల, కోర్టులో గెలిస్తే అని మొక్కిన తల ఎన్నో ఉండొచ్చు. ఒక సంఖ్య కోసం మొక్కిన తల మాత్రం ఆ వరసలో ఒక్కటే. భుజాల దాకా జుట్టు, రొమ్ము దాకా గడ్డం, పక్కనున్న ముసలాయన ఎవరో సాధువనుకుని రెండు చేతులూ ఎత్తి దండం పెడితే, నేను హైస్కూల్లో లెక్కల అయివారిని అని తిరుమలయ్య చెప్పుకోవలసి వచ్చింది.

ఆయన మొక్కుకున్నప్పుడు వసంతమ్మ పక్కనే ఉంది. సత్యవేడు పక్కన వాళ్లున్న అద్దె ఇంట్లో, ఎసరు కాగుతుంటే, ఆయన వాకిట్లో సుద్దముక్కతో పదకొండు ఒకట్లు వరసగా గీసి ముగ్గు చూసుకున్నట్టు చూసుకున్నాడు. రెండు ఒకట్లు వేస్తే పదకొండు, దాన్ని ఏదీ భాగించదు. మూడు వేస్తే నూట పదకొండు, మూడుతో తెగుతుంది. నాలుగు తెగుతాయి, అయిదు నలభై ఒకటితో తెగుతాయి, ఏడు ఒకట్లు మొరాయించి మొరాయించి రెండు వందల ముప్పై తొమ్మిది దగ్గర తెగాయి. పదకొండు ఒకట్ల సంగతి మాత్రం ఆయనకు తెలియలేదు. వెయ్యిన్ని నూట పదకొండు కోట్ల పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు. తిరుపతిలో కాలేజీ లెక్చరరు ఒకాయనను అడిగితే, దీనితో ఏమి ఉపయోగం అయివారూ అని నవ్వాడట. "ఉపయోగముండేది ఎవురైనా చేస్తారు" అని గొణుక్కుంటూ ఇంటికొచ్చి, "ఇది తెగేదో తెగనిదో తేలేదాకా నా తలకు కత్తి తాకనియ్యను. తేలిన దినం తలనీలాలు సామికే" అన్నాడు. "పాపం ఆ సామికి వేరే పని లేదు, మీ ఒకట్లు ఎంచుకుంటా కూసుంటాడు" అని వసంతమ్మ పకపకా నవ్వింది. అది ఎమర్జెన్సీ పెట్టిన నెల. ఆ గడ్డం పుణ్యమా అని పోలీసులు రెండుసార్లు ఆయన్ను బస్సు దింపి ఎవరు నువ్వు, యాడికి పోతున్నావు అని అడిగారు. రెండోసారి సంచిలో పుస్తకం తీసి చూసి, అందులో అంకెలు తప్ప ఏమీ లేకపోయేసరికి ఇంకా భయపడ్డారు.

ఆ పుస్తకంలో ఎడమ పక్క భాజకాలు ఆయనవి, కుడి పక్క శేషాలు ఈమెవి. వసంతమ్మ కార్వేటినగరంలో ఎనిమిదో తరగతితో చదువు ఆపేసింది గానీ, భాగహారం వేసిందంటే గీత వంకర పోదు, అంకె తప్పదు. ఆయనకు తెలివి ఎక్కువ, ఓపిక తక్కువ. ఈమెకు రెండూ ఉన్నాయని ఆయనే బడిలో చెప్పుకునేవాడు. ఈ పదకొండు ఒకట్లను ఏ ప్రధాన సంఖ్య భాగించాలన్నా, దాన్ని ఇరవై రెండుతో భాగిస్తే ఒకటే మిగలాలని ఆయన మొదట్లోనే కనిపెట్టాడు. దాంతో దారి చాలా దగ్గరైంది. ఇరవై మూడు, అరవై ఏడు, ఎనభై తొమ్మిది, నూట తొంభై తొమ్మిది, అట్లా లక్షా అయిదు వేల నాలుగు వందల చిల్లర దాకా పోతే చాలు, అది దాని వర్గమూలం, అక్కడిదాకా ఏదీ తెంచకపోతే ఆపైన తెంచేది లేనట్టే. లెక్క వేస్తే దాదాపు వెయ్యి భాగహారాలు. వీలుపడని రోజులు పోను, దీపం పెట్టే వేళకు రోజుకొకటి. ఈమె పలక మీద భాగించి శేషం పలుకుతుంది, ఆయన సిరాతో రాస్తాడు, పలక తుడిచేస్తారు. పుటకు పది లెక్కలు. పుట నిండాక అందులో ఒకదాన్ని ఆయన మళ్లీ వేసి చూసేవాడు. "అన్నం ఉడికిందా లేదా అనేదానికి ఒక మెతుకు సాలు గదా మే" అనేవాడు. ఆ సామెత అన్నానికి చెప్పిందే గానీ లెక్కలకు చెప్పింది కాదు. వెయ్యి మెతుకుల్లో ఒకటి ఉడకలేదు, ఆ ఒకటి ఆయన చేతికి చిక్కలేదు. వసంతమ్మకు తెలుసు. ఇరవై ఒక్క వేల ఆరు వందల నలభై తొమ్మిదికి ఎదురుగా పుస్తకంలో పదమూడు వేల రెండు వందల ఆరు అని శేషం ఉంది. ఆ లెక్క ఆమె చెయ్యనే లేదు.

వరస నాలుగడుగులు ముందుకు జరిగింది. ఆయన తిరిగి చూసి నవ్వాడు, గడ్డంలో నవ్వు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఒళ్లో ఉన్న చొక్కా జేబులో పెన్నూ, మడిచిన కాగితమూ ఆమె చేతికి తగులుతున్నాయి. ఆ కాగితం రేపు తిరుపతిలో లెక్చరరు చేతికి ఇవ్వాల్సింది. పదకొండు ఒకట్లు తెగని సంఖ్య అని, భాగహారాలన్నీ నా భార్య వసంతమ్మ చేసిందని, పుస్తకం చూపించడానికి సిద్ధమని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. నా భార్య వసంతమ్మ అన్న మాట దగ్గర మాత్రం సిరా కొంచెం ఒత్తుగా ఉంది. తెగకపోతే సరే, ఎవరికీ ఏమీ కాదు, దేవుడికి తెలిసినా నోరు విప్పడు. తెగితే? ఆయన తల ఉట్టిపుణ్యానికి పోతుంది, రేపు పేరు కూడా పోతుంది, అదంతా ఈమె వల్ల. ఇన్నాళ్లూ ఏ మధ్యాహ్నమో పలక తీసి ఆ ఒక్కటి వేసి చూసి ఉండొచ్చు. పలక తీసిన రోజులు ఉన్నాయి. తీసి మళ్లీ గూట్లో పెట్టేసేది. సున్న వస్తే ఆ తరవాత చేసినవన్నీ దండగ, ఎన్ని చేస్తే అంత దండగ, ఎంత ఆలస్యమైతే అంత భయం. ఇప్పుడిక భయపడేందుకు కూడా గంటకన్నా ఎక్కువ లేదు. పెన్ను తీసింది. కాగితం వెనక్కి తిప్పి, మోకాలి మీద పెట్టుకుని, పదకొండు ఒకట్లు రాసింది.

మొదట ఆరు ఒకట్లు తీసుకోవాలి, అయిదైతే చాలవు. ఆరు ఒకట్లలో ఇరవై ఒక్క వేల ఆరు వందల నలభై తొమ్మిది అయిదు సార్లు పోతుంది. అయిదు తొమ్మిదులు నలభై అయిదు, అయిదు నాలుగులు ఇరవై, ఇరవై నాలుగు. లక్షా ఎనిమిది వేల రెండు వందల నలభై అయిదు. తీసేస్తే రెండు వేల ఎనిమిది వందల అరవై ఆరు. ఒకటి దించు. ఈ సంఖ్యలో మంచి గుణం ఇదొక్కటే, దించేది ఎప్పుడూ ఒకటే, తల పైకెత్తి చూడక్కర్లేదు. ఆ సాయంత్రం కూడా దీపం పెట్టేదాకా తల ఎత్తలేదు. చిత్తూరు ఆసుపత్రి నుంచి బస్సులో వచ్చి దిగిన సాయంత్రం. పెళ్లయిన ఎనిమిదేళ్లకు నిలిచిన కడుపు అయిదో నెలలో పోయింది. అయిదు. ఇప్పుడే రాసింది ఆ అంకె, గీత మీద ఒంటరిగా కూర్చుని ఉంది. ఇరవై ఎనిమిది వేల ఆరు వందల అరవై ఒకటిలో ఒకసారి పోతుంది. ఏడు వేల పన్నెండు. పక్కింటి నాగరత్నమ్మ వచ్చి కూర్చుని, ఆడపిల్లంటనా మొగపిల్లోడంటనా అని అడిగి, తనే కళ్లు తుడుచుకుని, జొన్నరొట్టె పెట్టి పోయింది. ఆయన ఏమీ అడగలేదు. బస్సులో కిటికీ పక్క కూర్చోబెట్టాడు, ఎండ తగలకుండా తువ్వాలు అడ్డం పట్టాడు, పుత్తూరులో టీ తెచ్చిచ్చాడు, నోరు మాత్రం తెరవలేదు. ఒక్క మాట, ఒక్కటే మాట, పోయిందే అన్నా చాలు. ఆ మాట కోసం ఆమె సత్యవేడు దాకా ఎదురు చూసింది.

ఒకటి దించు. డెబ్బై వేల నూట ఇరవై ఒకటి. మూడు సార్లు, అరవై నాలుగు వేల తొమ్మిది వందల నలభై ఏడు. అయిదు వేల నూట డెబ్బై నాలుగు. దీపం పెట్టే వేళయింది. ఆయన పలక కడిగాడు, చొక్కా కొసతో తుడిచాడు, బలపం చెక్కాడు, తెచ్చి ఆమె ముందర పెట్టాడు. "మే, ఈ పొద్దుది సేసేస్తామా?" అన్నాడు. కడుపులో ఇంకా నొప్పి ఉంది. ఆమె పలక వైపు చూసింది, ఆయన వైపు చూసింది. మనిషివేనా నువ్వు అని అరవాలనిపించింది. అరవలేదు. పలక మీద గీత గీసి, కాసేపు ఊరికే బలపం తిప్పి, నోటికొచ్చిన అంకె చెప్పింది. పదమూడు వేల రెండు వందల ఆరు. చెప్పి ఆయన మొహం వైపే చూసింది. పట్టుకుంటాడని. ఇంత తొందరగా ఎట్లయింది, పలక చూపించు అంటాడని, అప్పుడైనా పలక నేలకేసి కొట్టి ఏడవొచ్చని. ఆయన సరి అన్నాడు. సిరాతో రాసుకున్నాడు. తడి ఆరేందుకు ఊదాడు కూడా. ఆ ఊదడం ఆమె ఈనాటికీ మరవలేదు.

ఒకటి దించు. యాభై ఒక్క వేల ఏడు వందల నలభై ఒకటి. రెండు సార్లు, నలభై మూడు వేల రెండు వందల తొంభై ఎనిమిది, ఎనిమిది వేల నాలుగు వందల నలభై మూడు. మర్నాడు మళ్లీ పలక వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. వాటిని ఆమె చేసింది. కోపంతోనే చేసింది, తరవాత కోపం మరిచిపోయి చేసింది, ఇంకా తరవాత దీపం వెలిగించగానే చెయ్యే పలక కోసం పోయేది. ఇరవై నాలుగు వేలు, నలభై వేలు, తొంభై వేలు. వానకు ఇల్లు కురిస్తే మంచం మీద ఇద్దరూ ముడుచుకుని కూర్చుని చేసిన లెక్కలున్నాయి, జాతరకు పోయొచ్చి నిద్రకళ్లతో చేసినవి ఉన్నాయి, మాట్లాడుకోని వారం రోజులు శేషాలు మాత్రమే పలికినవి ఉన్నాయి. అబద్ధమెందుకు, ఆ మూడున్నరేళ్లలో ఆమె సుఖపడింది కూడా ఆ పలక దగ్గరే. కడుపు మళ్లీ నిలవలేదు. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. పిల్లల్లేని ఇంట్లో సాయంత్రాలు ఎట్లా గడుస్తాయో ఆమెకు తెలియకుండా గడిపేసింది ఆ సంఖ్యే. అట్లాంటి సంఖ్యకు అబద్ధం చెప్పింది. మనుషులకు చెప్పిన అబద్ధం మనుషులు మరిచిపోతారు, దీనికి మరుపు లేదు. తను భాగించినా భాగించకపోయినా అది తెగేదయితే ఎప్పుడో తెగే ఉంది, భూమ్మీద మనుషులు పుట్టకముందు నుంచీ తెగే ఉంది.

ఒకటి దించు. ఎనభై నాలుగు వేల నాలుగు వందల ముప్పై ఒకటి. మూడు సార్లు. అరవై నాలుగు వేల తొమ్మిది వందల నలభై ఏడు, ఇంతకుముందు రాసిందే. తీసేస్తే పంతొమ్మిది వేల నాలుగు వందల ఎనభై నాలుగు. గోవిందా గోవిందా అని పెద్ద కేక. తలెత్తింది. వరసలో తిరుమలయ్య లేడు. లోపల కుళాయి పక్క పీట మీద కూర్చుని ఉన్నాడు, తల మీద నీళ్లు పోశారు, జుట్టంతా మొహం మీద పడి ఉంది, వెనక కత్తి పట్టుకున్న ముసలాయన బొటనవేలితో ఆ తలను కిందికి వంచుతున్నాడు. ఇంకొక్క ఒకటే ఉంది. చివరి ఒకటి. దించింది. లక్షా తొంభై నాలుగు వేల ఎనిమిది వందల నలభై ఒకటి. తొమ్మిది సార్లు పోవాలి. తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటి, ఒకటి వేసి ఎనిమిది చేతిలో. పైన కూడా చివర ఒకటే ఉంది. ఉండనీ, ఒక అంకె కలవడం ఎంతలో పని. తొమ్మిది నాలుగులు ముప్పై ఆరు, ఎనిమిదీ నలభై నాలుగు, నాలుగు వేసి నాలుగు చేతిలో. పైన నాలుగు. వద్దు సామీ. తొమ్మిది ఆరులు యాభై నాలుగు, నాలుగూ యాభై ఎనిమిది. ఎనిమిది. పైన ఎనిమిది. పెన్ను ముందుకు పోనంది. తొమ్మిదీ అయిదూ పద్నాలుగు, నాలుగు వేసి ఒకటి చేతిలో, పైన నాలుగు. తొమ్మిది రెళ్లు పద్దెనిమిది, ఒకటీ పంతొమ్మిది. పంతొమ్మిది. పైన కూడా పంతొమ్మిదే.

సున్న రాయలేదు. రాయనవసరం లేదు. వెయ్యి సాయంత్రాలు ఇద్దరూ వెతికింది ఆమె చేతిదాకా వచ్చి, ఆమె కోపం వల్ల వెనక్కి పోయిన చోటే దొరికింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. కాగితం చింపి కుళాయి కింద వేస్తే సిరా కరిగిపోతుంది. ఆయన గుండు తడుముకుంటూ వస్తాడు, గంధం పూయాలి, సామిని చూడాలి, రేపు వేరే కాగితం మీద అదే ముత్యాల అక్షరాలతో అదే అబద్ధం రాసుకుంటాడు, నా భార్య వసంతమ్మ అన్నచోట మళ్లీ ఒత్తుతాడు. ఆ ఒత్తు తలుచుకునేసరికి ఆమె కాళ్లు వాటంతట అవే లేచాయి. కమ్మీ దాటింది. నీళ్లలో, జుట్టులో అడుగులేసుకుంటూ పోయి ఆయన ముందర నిలబడింది. సగం తల నున్నగా అయిపోయింది, ఇంకో సగం మీద మూడున్నరేళ్ల అడవి అట్లాగే ఉంది. ఇంకో సమయమైతే కడుపుబ్బ నవ్వి ఉండేది.

"దూరం జరుగు తల్లీ, కత్తి ఆడతా ఉండాది" అన్నాడు ముసలాయన.

"సున్న వచ్చింది" అంది వసంతమ్మ భర్తతో.

"దేనికి?"

"ఇరవై ఒక్క వేల ఆరు నూర్ల నలభై తొమ్మిదికి. నేను ఆ పొద్దు సెయ్యలా. ఊరికే ఒక అంకె సెప్పినాను. ఇప్పుడు సేసినాను, సున్న వచ్చింది."

తిరుమలయ్య చెయ్యెత్తి కత్తిని ఆపాడు. మొహం మీది నీళ్లు తుడుచుకుని కాగితం అందుకున్నాడు. ఒక్కొక్క మెట్టూ పెదవులతో చదువుకుంటూ దిగాడు, చివరికి వచ్చి ఆగాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. భాగఫలాన్ని వేలితో తాకి, అయిదు లక్షల పదమూడు వేల రెండు వందల ముప్పై తొమ్మిది అని మెల్లగా చదివి, కళ్లు మూసుకుని దాన్ని వెనక్కి గుణించాడు. కళ్లు తెరిచి సరిగ్గా ఉంది అన్నాడు. ఆ తరవాత ఆ భాజకం వైపు చూస్తూ ఉండిపోయాడు. భాజకాల పట్టీ రాసింది ఆయనే, ఏ సంఖ్య ఏ రోజుదో ఆయనకు నోటికి వచ్చు. చూస్తుండగానే ఆయన మొహం మారిపోయింది.

"ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం గదా ఇది" అన్నాడు.

వసంతమ్మ తల ఊపింది.

"నేను ఆ పొద్దు పలక పెట్టుండకూడదు మే. ఏం సెప్పాల్నో తెలీలా నాకు. బస్సెక్కినప్పుటి నుంచీ వెతికినాను, ఒక్క మాటా దొరకలా. నాకు వచ్చిందల్లా అదొక్కటే, అది తెచ్చి పెట్టినాను. నీకంటే ముందర నేను ఏడ్సాల్సింది."

అప్పుడు ఏడ్చింది వసంతమ్మ. దాదాపు మూడేళ్ల కిందటి ఏడుపు. తడి నేల మీద అక్కడే కూలబడి, చొక్కా మొహానికి అడ్డం పెట్టుకుని, పక్క పీట మీద పిల్లకాయ ఏడుపులో కలిసిపోయేట్టు ఏడ్చింది. కత్తి పట్టుకున్న ముసలాయనకు మనసు కరిగింది. "ఏడవబాక తల్లీ, జుట్టే గదా, ఆరు నెలల్లో మళ్లా వస్తాది" అన్నాడు.

ఏడుపు నెమ్మదించేదాకా తిరుమలయ్య ఆగాడు. కాగితం తడవకుండా చెయ్యి పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. దాని ముందు పక్క ఒకసారి చూసి వెనక్కి తిప్పేశాడు. "రేపు ఆ లెక్చరరుకు ఈ పక్క సూపిస్తాం" అన్నాడు. "సామికి మొక్కింది తేలితే అని గదా, తేలింది. సగం గుండు అయినాక తేలింది, ఆ సగం ఆయనే సర్దుకుంటాడు." తరవాత గొంతు తగ్గించి, "దీనికి ముందరివి?" అని అడిగాడు. "రెండు నూర్ల నలభై చిల్లర ఉండాయే, ఇరవై మూడు కాడి నుంచీ. అవి?"

"అన్నీ సేసినాను."

"ఒకటీ ఇడవకుండా?"

"ఒకటీ ఇడవలా."

ఆయన సగం తల ఊపాడు. అయితే ఈ అయిదు లక్షల పదమూడు వేల రెండు నూర్ల ముప్పై తొమ్మిదికి తిరుగులేదన్నాడు. దాన్ని చిన్నది ఏదైనా తెంచేదయితే అది పదకొండు ఒకట్లనూ ముందరే తెంచి ఉండాలి, అప్పుడే సున్న కనబడి ఉండాలి. కనబడలేదంటే ఇది తెగనిది, అసలైన ప్రధాన సంఖ్య, దీని కోసం ఇంక ఒక్క భాగహారం కూడా వెయ్యక్కర్లేదు. చెబుతుంటే ఆయన కళ్లు వెలుగుతున్నాయి. వసంతమ్మకు మాత్రం భయమేసింది. ఇంత పెద్ద సంఖ్య తన నోటిమాట మీద నిలబడడం ఏమిటి, అందులోనూ ఇప్పుడు, ఇంతకుముందే అబద్ధం ఒప్పుకున్న నోరు.

"మళ్లీ ఒకసారి మీరే సరిసూసుకోండి" అంది. "అన్నీ, మొదటి నుంచీ. నేను పలక ముట్టుకోను."

తిరుమలయ్య కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వు సెప్పినావు గదా" అని, ముసలాయన కత్తి కిందికి తల వంచాడు.